ఇంగ్లిష్ మాటకు ఇరుగుపొరుగు

తిరుమలగిరి చౌరస్తా నుంచి సికింద్రాబాద్ వైపు బయల్దేరితే దారిలో కార్ఖానా వస్తుంది, పికెట్ వస్తుంది, పరేడ్ గ్రౌండ్స్ వస్తాయి. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ దండు ఊళ్ళో ఇంగ్లిష్ మాటలు రెండు వందల ఏళ్ళుగా జనం నోళ్ళలో నానుతున్నాయి. 1857 తిరుగుబాటు తరవాత తిరుమలగిరిలో కందకం తవ్వి కట్టుకున్న సైనిక స్థావరానికి ఎంట్రెంచ్‌మెంట్ అని పేరు. బ్యారక్స్, క్వార్టర్స్, మెస్, పరేడ్, డ్యూటీ లాంటి మాటల్ని కంటోన్మెంట్ చుట్టుపక్కల బడి గడప తొక్కని ముసలమ్మ కూడా తడుముకోకుండా వాడుతుంది, ఎక్కడ వాడాలో అక్కడే వాడుతుంది. వాటికి అర్థాలు ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. లష్కర్ అనే మాటనే చూడండి. ఫారసీ, ఉర్దూల్లో సైన్యం అని అర్థం. మనకది సికింద్రాబాద్‌కి మారుపేరు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి జరిగేవి లష్కర్ బోనాలు. ఆ మాటే సాగర్ కాలువ గట్టు మీదికి చేరి లస్కర్ అయింది, తూము తలుపు ఎత్తి నీళ్ళు వదిలే ఉద్యోగి అయింది. ఇంగ్లిష్‌లోకి వెళ్ళి ఓడ మీద పనిచేసే ఆసియా నావికుడైంది. లస్కర్ వచ్చాడా, నీళ్ళు వదిలాడా అని రైతు అడిగితే ఎవరూ సైన్యం కోసం వెతకరు. పక్కన కాలువ ఉంది, నీళ్ళున్నాయి. ఆ మాటకు అక్కడ అర్థం చెప్పేవి అవే.

ఇదే కంటోన్మెంట్‌లో ఇంగ్లిష్ మీడియంలో ఎనిమిదో తరగతి చదివే పిల్లకి ఒక కొత్త ఇంగ్లిష్ మాట ఇచ్చి వాక్యం రాయమంటే పెన్ను ఆగిపోతుంది. పిల్లలో లోపం వల్ల కాదు. మన బళ్ళలో వర్డ్ మీనింగ్స్ నోటుబుక్కు అని ఒకటుంటుంది. ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, నడుమ ఈక్వల్ గుర్తు, కుడి పక్క తెలుగు అర్థం. రోజుకు పది మాటలు, మర్నాడు అప్పజెప్పడం. నా అభ్యంతరమంతా ఆ ఈక్వల్ గుర్తు మీదే. లెక్కల్లో దానికి ఇటున్నది అటు వేసినా విలువ మారదు. భాషలో అలాంటి సమానం దాదాపు ఉండదు. మాటను దాని తెలుగు అర్థంతో కాక, అది ఏయే మాటల పక్కన బతుకుతుందో ఆ ఇరుగుపొరుగుతో కలిపి నేర్పాలి. నేర్పామా లేదా అన్నది పిల్ల తన బతుకులోంచి రాసిన వాక్యంతోనే తేల్చుకోవాలి.

అబాండన్ ఈక్వల్ టు వదిలిపెట్టు. నోటుబుక్కులో ఇలా ఉందనుకుందాం. నిఘంటువు ప్రకారం ఇందులో తప్పు లేదు. ఈ మాటతో సొంతవాక్యం రాయమంటే ఆ పిల్ల, ‘ఐ అబాండన్డ్ మై బ్రదర్ ఎట్ తిరుమలగిరి క్రాస్ రోడ్స్’ అని రాస్తుంది. తమ్ముణ్ణి చౌరస్తాలో వదిలిపెట్టి వచ్చానని ఆమె ఉద్దేశం. వాడు అక్కడ బస్సెక్కి ట్యూషన్‌కి పోతాడు. ఇంగ్లిష్ తెలిసినవాళ్ళు చదివితే మాత్రం పసివాణ్ణి దిక్కులేకుండా రోడ్డు మీద పారేసి వచ్చిందని గుండె గుభేలుమంటుంది. వ్యాకరణం బాగుంది, స్పెల్లింగు బాగుంది, అర్థమూ నోటుబుక్కులో ఉన్నదే. మరి తేడా ఎక్కడొచ్చింది? తెలుగులో వదిలిపెట్టడం అనే మాట చేసే బోలెడు పనుల్లో అబాండన్ చేసేది ఒకటే. బస్టాండు దాకా దిగబెట్టినా, సిగరెట్ మానేసినా, పావురాన్ని ఎగరేసినా, పోలీసులు పట్టుకున్నవాణ్ణి ఇంటికి పంపినా మనం వదిలిపెట్టడమే అంటాం. అబాండన్ వెనక ఎప్పుడూ ఒక బాధ్యతో, ఒక ప్రయత్నమో ఉంటుంది. దాన్ని గాలికొదిలేసినప్పుడే ఆ మాట పలుకుతుంది. గాలికొదిలేయడం అనే మన నుడికారం దానికి నిజంగా దగ్గరి చుట్టం. నోటుబుక్కు కుడి పక్కన అది ఎప్పుడూ కనిపించదు.

మన భాషనే అవతలి ఒడ్డు నుంచి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ఇంగ్లిష్‌లో వాష్ అనేది ఒక్క మాట. మనం బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, బియ్యం కడుగుతాం, తలంటుకుంటాం. తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడు ఎవరైనా గిన్నెలు ఉతికానంటే నవ్వి దిద్దుతాం. ఎందుకు తప్పని అతను అడిగితే చెప్పడానికి మనకు సూత్రమేదీ దొరకదు. గిన్నె పక్కన తోమడాన్నీ, చీర పక్కన ఉతకడాన్నీ ఊహ తెలిసిన నాటి నుంచి వేలసార్లు విన్నాం, అంతే. ఇంగ్లిష్ మాటలకూ ఇలాంటి చుట్టరికాలే ఉంటాయి. మిటిగేట్ అంటే తగ్గించడమే, కానీ టీవీ సౌండుని మిటిగేట్ చేయరు, బెండకాయల రేటుని మిటిగేట్ చేయరు. ముప్పునో, నష్టాన్నో, బాధ తీవ్రతనో తగ్గించేటప్పుడే ఆ మాట వస్తుంది. ఆబ్‌స్టినేట్ అంటే పట్టుదల గల అని రాసుకున్న కుర్రవాడు ఉద్యోగం దరఖాస్తులో తన గొప్ప గుణంగా ఆ మాట రాస్తే, నేను మొండివాణ్ణి, ఎవరు చెప్పినా వినను అని తనకు తానే చెప్పుకున్నట్టవుతుంది. కష్టపడి చదివిన పిల్లవాడు, చదివినందుకే, నష్టపోతాడు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

ఇది తెలుగు పిల్లల ఇబ్బంది మాత్రమే అనుకుంటే పొరపాటు. 1987లో జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా అనే ఇద్దరు పరిశోధకులు సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పిల్లలకు మాటలు ఎలా అబ్బుతాయో రాశారు. ఇంగ్లిషే ఇంటి భాషగా పెరిగిన అయిదారు తరగతుల పిల్లలకు తెలియని మాటల్ని, వాటి నిఘంటువు అర్థాలతో సహా ఇచ్చి వాక్యాలు రాయమన్న సంగతి అందులో ఉంది. ఎరోడ్ అనే మాటకు నిఘంటువులో ఈట్ ఔట్ అని కనపడింది. నీళ్ళు గట్టుని కోసినట్టు కొద్దికొద్దిగా తినేయడమని దాని భావం. ఈట్ ఔట్ అంటే హోటల్లో తినడం కూడా కాబట్టి, మా ఇంట్లోవాళ్ళు తరచూ ఎరోడ్ అవుతుంటారన్న అర్థంలో ఒక విద్యార్థి రాశాడు. స్టిమ్యులేట్‌కి స్టర్ అప్ అన్న అర్థం చూసి, ఒకావిడ సూప్‌ని స్టిమ్యులేట్ చేసిందని ఇంకో విద్యార్థి రాశాడు. తల్లి ఒడిలో ఇంగ్లిష్ నేర్చినవాళ్ళకే నిఘంటువు అర్థం ఒక్కటీ చాలలేదు. ఆ పిల్లలే ఇంట్లో, వీధిలో, పుస్తకాల్లో మాటల్ని వాటి సావాసంతో సహా విని ఏడాదికి వేలల్లో నేర్చుకుంటారని కూడా వాళ్ళిద్దరూ రాశారు. మన పిల్లలకు ఇంగ్లిష్ వీధిలో అంతగా వినపడదు. కాబట్టి ఆ సావాసాన్ని బడే కల్పించాలి. బడి కూడా ఈక్వల్ గుర్తు దగ్గరే ఆగిపోతే వాళ్ళకు ఇంకో దారి లేదు.

విచిత్రమేమిటంటే ఈ సంగతిని బాగా పట్టించుకున్నది ఇంగ్లండ్‌లో కూర్చున్నవాళ్ళు కాదు, ఆసియా పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్ళు. నేడు ప్రపంచమంతా వాడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ మొదట 1942లో టోక్యోలో అచ్చయింది. జపాన్‌లో ఇంగ్లిష్ పంతులుగా పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి దాన్ని చేశారు. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ క్రియ వెనక ఏ రకం నిర్మాణం వస్తుందో, ఆ నామవాచకం లెక్కపెట్టడానికి వీలైనదో కాదో అందులో గుర్తులు పెట్టారు. మాట నైజం దాని సావాసంలో తెలుస్తుందని సిద్ధాంతం చేసిన జె.ఆర్. ఫర్త్ 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో ఇంగ్లిష్ బోధించినవాడే. మన దగ్గరికొస్తే, 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చిన సి.పి. బ్రౌన్ 1852 నాటి తన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో మాటకు అర్థంతో పాటు వాడుకనూ ఎక్కించాడు, కావ్యాల నుంచి, జనం మాటల నుంచి. ఆయన తెలుగు కోసం పడిన శ్రమలో పదో వంతు కూడా ఫుట్‌పాత్ మీద దొరికే చిన్న ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీల్లో కనపడదు. మన పిల్లల బ్యాగుల్లో ఉండేవి అవే.

ఈ వాదం తెలుగువాళ్ళకు కొత్త కూడా కాదు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడులకు ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఇంకొకటి ఎందుకయ్యాయన్న చర్చ లేపాడు. గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను జీవితాంతం మోశారు. గ్రాంథికమే శుద్ధమని పట్టుబట్టిన పండితుల రచనలనే తీసుకుని, వాటిలో ఆ గ్రాంథిక వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో ఏరి చూపించారు. నోట్లో ఆడని మాటను కలంలో పెడితే మహాపండితుడికైనా కాలు జారుతుందన్నదే ఆ పుస్తకం రుజువు చేసింది. ఆ పండితులు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళు మాటల్ని నేర్చిన తీరు అలాంటిది. గిడుగువారు తాను సవర భాష నేర్చుకున్నప్పుడు సవరలు మాట్లాడుతుంటే విని, వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నారు. ఆ తరవాతే సవర వ్యాకరణం, నిఘంటువు వచ్చాయి. ముందు వాడుక, వెనక నిఘంటువు. మన ఇంగ్లిష్ క్లాసుల్లో ఈ వరస తలకిందులైంది.

ఇక్కడ పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళు ఒక మాట అంటారు: ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ కబుర్లు, మాకు మూడు నెలల్లో మూడు వేల మాటలు కావాలి, జాబితా బట్టీ పట్టక ఏం చేయమంటారు? ఇందులో కొంత నిజముంది. చీటీల మీద మాటలు రాసుకుని, విడతలు విడతలుగా గుర్తుచేసుకుంటే అవి జ్ఞాపకం ఉంటాయి, చదివేటప్పుడు కనపడితే పోల్చుకోగలుగుతాం. అయితే మనిషిని పోల్చుకోవడం వేరు, అతనితో కలిసి కాపురం చేయడం వేరు. పైగా ఆ పరీక్షలే దారి మార్చుకున్నాయి. హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో తరాల తరబడి పదాల జాబితాలను అమ్ముడుపోయేలా చేసిన జీఆర్ఈ, 2011లో యాంటనిమ్స్‌నీ, అనలజీలనీ తీసేసింది. ఇప్పుడు మాటను అడిగేది వాక్యంలో ఖాళీ పూరించమని, లేదా వాక్యం అర్థం చెడకుండా ఉండే జంటను ఎంచమని. శాట్ కూడా 2016లో అరుదైన మాటల ప్రశ్నలను వదిలేసి, మామూలు మాటకు ఆ పేరాలో ఏం అర్థమన్న ప్రశ్నల వైపే మొగ్గింది. ఇన్నేళ్ళ తరవాత కూడా జాబితాలనే నమ్ముకోవడం మారిపోయిన పరీక్షకు పాత గైడు చదవడమే.

అమెరికా తెలుగు కుటుంబాలకు స్పెల్లింగ్ బీ అంటే ఎంత మక్కువో తెలిసిందే. 2002లో ప్రత్యూష్ బుద్దిగ, 2003లో సాయి గుంటూరి, 2024లో బృహత్ సోమ జాతీయ పోటీలో నెగ్గారు. ఆ పిల్లల కృషికి ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. అక్షరాల పోటీ కాబట్టి అందులో అర్థంతో పనిలేదని చాలామంది అనుకుంటారు. వేదిక మీద జరిగేది గమనించండి. కఠినమైన మాట ఇవ్వగానే పోటీలో ఉన్న పిల్లలు అది ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు, అర్థం అడుగుతారు, ఆ వెంటనే దాన్ని వాక్యంలో పెట్టి చెప్పమంటారు. దేశంలోకెల్లా ఎక్కువ మాటలు తెలిసిన పిల్లలే వాక్యం కావాలని అడుగుతున్నారు. నిర్వాహకులు 2013లో కంప్యూటర్ మీద అర్థాల పరీక్ష చేర్చారు, 2021 నుంచి వేదిక మీదే అర్థం అడిగే రౌండు పెట్టారు. ఇప్పటికీ అది ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే, సొంతంగా వాక్యం చెప్పడం కాదు. అయినా అక్షరాలు తెలిస్తే మాట తెలిసినట్టు కాదని ఆ పోటీ ఒప్పుకుంది.

మూలధాతువులు నేర్పితే చాలు, లాటిన్, గ్రీకు ముక్కలు పట్టుకుని కొత్త మాట అర్థం తేల్చుకోవచ్చని మరికొందరి వాదన. స్పెల్లింగుకి అది సాయపడుతుంది, ఊహకు ఊతమిస్తుంది. అంతకు మించి దాన్ని నమ్మితే మోసపోతాం. మలేరియా అనే మాట ఇటాలియన్‌లో చెడ్డ గాలి. తిరుమలగిరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జబ్బు క్రిమిని చూశాడు. గాలికీ జ్వరానికీ సంబంధం ఆ రోజుతో తెగిపోయింది, మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ధాతువు చెప్పేది మాట పుట్టిన ఊరు. ఇప్పుడు అది ఎక్కడ కాపురముంటోందో వాక్యమే చెప్పాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సరైన వాడుక అంటే ఎవరి వాడుక? తెల్లవాడు అన్నదే ఒప్పా? మన ఇంగ్లిష్ మనకు ఉండకూడదా? ఉండాలి, ఉంది కూడా. ప్రీపోన్ అనే మాట మన దేశంలో పెరిగి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి వెళ్ళింది. సార్, ఒక డౌట్ అని మన పిల్లలు చేయెత్తితే అది అనుమానం కాదు, ప్రశ్న. కోట్లమంది రోజూ అనుకునే మాట అది, అందరికీ ఒకేలా అర్థమవుతుంది. దాన్ని నేను తప్పనను. హైదరాబాద్ దాటి వెళ్ళేవాళ్ళకు అవతలివాళ్ళు దాన్ని ఎలా వింటారో చెప్పి పంపితే చాలు. కానీ తమ్ముణ్ణి అబాండన్ చేయడం ఆ కోవలోది కాదు. తిరుమలగిరిలో ఎవరూ అలా అనరు, లండన్‌లోనూ అనరు. ఒక సమాజం కలిసి మలుచుకున్న వాడుకకూ, ఒక్క పిల్ల ఒంటరిగా డిక్షనరీ ముందు కూర్చుని పడిన పొరపాటుకూ చాలా దూరం. మొదటిదాన్ని గౌరవిద్దాం. రెండోదాన్ని ప్రాంతీయ స్వేచ్ఛ పేరుతో దిద్దకుండా వదిలేస్తే ఆ పిల్లకు ద్రోహం చేసినట్టే.

ప్రభుత్వ బడి టీచరుకు ఉండే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. క్లాసునిండా పిల్లలు, సిలబస్ కొండంత, ఒక్కొక్కరి వాక్యం దిద్దే సమయం ఎక్కడిది? తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఈ పుస్తకాన్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. మాటకు ఎదురుగా మాట గీసుకుంటూ పోతే ఇది పెద్ద సైజు వర్డ్ మీనింగ్స్ నోటుబుక్కు అవుతుంది. అదే వాక్యానికి ఎదురుగా వాక్యం పెట్టి, ఇక్కడ వదిలిపెట్టు అన్నారు, అక్కడ లీవ్ అన్నారు, మరోచోట గివప్ అన్నారు, ఎందుకు అని అడిగితే ఇంతకు మించిన పరికరం ఉండదు. తెలుగు వచ్చు కాబట్టే ఆ తేడా పిల్లలకు పట్టుబడుతుంది. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట్లాడకూడదన్న నిషేధం ఈ దారినే మూసేస్తోంది. ఇక సమయమంటారా, రోజుకు పది మాటలు తగ్గించి రెండు చేయండి. ఆ రెండింటితో పిల్లలు నోటితోనే వాక్యాలు చెప్పనివ్వండి, పక్కవాళ్ళు ఒప్పో కాదో తేల్చనివ్వండి. టీచరు పలకాల్సింది తగువు వచ్చిన చోటే.

సొంతవాక్యం అనే మాట మన పరీక్షల్లో ఎప్పటి నుంచో ఉంది, దాన్నీ చంపుకున్నాం. తెలుగు పేపరులో సొంతవాక్యాలు గైడులో దొరుకుతాయి. వందలమంది పిల్లలు ఒకే సొంతవాక్యం రాస్తారు. కన్యాశుల్కం నాటకంలో గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం కలిసి వెంకటేశం ఇంట్లోవాళ్ళ ముందు ఇంగ్లిష్‌లో సంభాషిస్తారు. నిజానికి ఒకరు పద్యం ముక్క, ఇంకొకరు వాచకంలోని వాక్యం అప్పజెబుతారు. విన్నవాళ్ళు చదువు వచ్చేసిందని మురిసిపోతారు. నూరేళ్ళు దాటినా మనం పిల్లల నుంచి ఆశిస్తున్నది ఆ అప్పజెప్పడమేనా? పరీక్ష పెట్టేవాళ్ళు కొద్దిగా మనసుపెడితే ఇది మారుతుంది. మాట ఒక్కటే ఇవ్వకుండా సందర్భం కూడా ఇవ్వండి: మీ వీధిలో వాన నీళ్ళు నిలిచాయి, మిటిగేట్ అనే మాట వాడి మున్సిపల్ ఆఫీసుకు రెండు వాక్యాలు రాయండి. ఏ గైడూ ఆ వీధిని ముందే ఊహించి రాయలేదు.

తమ్ముణ్ణి చౌరస్తాలో అబాండన్ చేశానని రాసిన పిల్ల వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయాల్సిన పనిలేదు. మరి వాడు ఇంటికి వచ్చాడా అని అడగాలి. ఏడింటికల్లా వచ్చాడు టీచర్ అంటుంది. అయితే అది అబాండన్ కాదమ్మా, డ్రాప్ చేశావంతే. తిరిగి రాకుండా, ఎవరూ పట్టించుకోకుండా వదిలేసింది మీ గల్లీలో ఏదైనా ఉందా? పిల్ల కాసేపు ఆలోచిస్తుంది. గల్లీ చివర సగం కట్టి ఆపేసిన ఇల్లు గుర్తొస్తుంది. తలుపుల్లేవు, గోడల మీద రావిమొక్కలు మొలిచాయి. నోటుబుక్కు తిప్పి రాస్తుంది: ‘దేర్ ఈజ్ ఎన్ అబాండన్డ్ హౌస్ ఇన్ అవర్ లేన్. డాగ్స్ స్లీప్ ఇన్ ఇట్.’